ఎస్తేరు మేడం వెతికిన పాలిప్

సముద్రం నుంచి మా రొయ్యపిల్లల హేచరీకి నీళ్ళు తోడే పంపు ఈ ఉదయం గొంతు మార్చుకుంది. రోజూ ఒకే తీరున మోగే మోటారు ఊపిరి అందనట్టు ఈల వేస్తుంటే, పైపు చివర కట్టిన వలకు ఏదో అడ్డం పడిందని అందరికీ అర్థమైంది. పనివాళ్ళు వలను లాగి ఒడ్డున దులిపారు. తట్టలకొద్దీ జెల్లీ చేపలు. ఇసుక మీద పడగానే ఒకదానిలో ఒకటి కలిసిపోయి, వార్చిన గంజి పేరుకున్నట్టు వణుకుతూ ఉండిపోయాయి. చూపు కంటే ముందు వాసన తగిలింది నాకు. అప్పటికింకా కుళ్ళలేదు అవి. పచ్చి దోసకాయను గీరి దాని మీద ఉప్పునీళ్ళు చల్లితే ఎలా ఉంటుందో అలాంటి చల్లని పచ్చి వాసన. ఎండ ఎక్కేసరికి అది మారిపోతుంది. మారకముందు మాత్రం ఆ వాసన నన్ను తిన్నగా నరసాపురంలో నేను చదివిన డిగ్రీ కాలేజీకి, జువాలజీ ల్యాబులో బల్ల మీద పెట్టిన ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు దగ్గరికి తీసుకుపోతుంది. ఆ బకెట్టు తెచ్చిన మనిషి మా ఎస్తేరు మేడం.

ఆవిడ పేరు మీరు ఎక్కడా విని ఉండరు. పుస్తకం రాయలేదు, డాక్టరేటు తీసుకోలేదు, సన్మానాలు జరగలేదు. పొట్టిగా, చామనఛాయలో, ఎప్పుడూ గంజి పెట్టిన నేత చీరలో ఉండేవారు. ఆదివారం లూథరన్ చర్చిలో పాటల బృందంలో ముందు వరసలో నిలబడేవారు. మిగతా ఆరు రోజులూ మాలాంటి వాళ్ళకి వెన్నెముక లేని జంతువుల గురించి చెప్పేవారు. మాలాంటి వాళ్ళు అంటే ఎంసెట్‌లో మెడిసిన్ సీటు రాక, ఇంట్లో కూర్చోలేక, బై.పి.సి. చదివాం కాబట్టి బి.ఎస్సీ.లో చేరినవాళ్ళు. నాన్న టిఫిన్ హోటల్లో పొద్దున్నే ఇడ్లీలు దించి, చేతులు కడుక్కుని కాలేజీకి వచ్చేదాన్ని. డాక్టరు అవుతానని ఊరంతా చెప్పుకున్న పిల్ల ఇలా మిగిలిపోయిందే అని నాన్న ముఖంలో కనిపించేది. నాకూ అలాగే ఉండేది. క్లాసులో సగంమందిమి అలాంటివాళ్ళమే. ఎవరి కళ్ళలోనూ వెలుగు ఉండేది కాదు.

మొదటి రోజు మేడం పుస్తకం తేలేదు, బకెట్టు తెచ్చారు. మమ్మల్ని బల్ల చుట్టూ నిలబెట్టి మూత తీశారు. లోపల నీళ్ళలో గొడుగంత జెల్లీ చేప ఒకటి మెల్లగా ముడుచుకుని విప్పుకుంటోంది.

"ఏంటిది?" అన్నారు.

"జెల్లీ ఫిష్ అండి," అన్నాం అందరం ఒక్కసారే.

"నేను పేరు అడగలేదు. ఏం కనిపిస్తోందో చెప్పండి."

ఆవిడ ఎదురు చూశారు. ఆ ఎదురుచూపులో తొందర లేదు, అదే మాకు ఇబ్బందిగా ఉంది. చివరికి నేనే, తల ఎటుందో తెలియడం లేదండి అన్నాను. ఆవిడ నా వైపు తిరిగి, "నీ పేరేంటమ్మా?" అని అడిగారు. నాగమణి అని చెప్పాను. "నాగమణి సరిగ్గా చూసింది. దీనికి తల లేదు. తోక లేదు. కుడి లేదు, ఎడమ లేదు. మెదడు లేదు, గుండె లేదు, రక్తం లేదు. తినేదీ విసర్జించేదీ ఒకటే ద్వారం. ఇన్ని లేకుండా కూడా మనకంటే ఎన్నో కోట్ల ఏళ్ళ ముందు నుంచి బతుకుతోంది. ఇది చేప కాదు. చేపకి వెన్నెముక ఉంటుంది. పేరు ముందు తెలిస్తే చూడడం ఆపేస్తాం మనం. అందుకే పేరు చివర్న." డాక్టరు కాలేకపోయిన పిల్లని ఒకరు సరిగ్గా చూసిందని మెచ్చుకోవడం అదే మొదలు. ఆ పూట ఇంటికి వెళ్ళాక నాన్నకి ఆ బకెట్టు గురించి చెబుతూనే ఉన్నాను.

ల్యాబు వెనక గదిలో మ్యూజియం అని పిలిచే రెండు బీరువాలుండేవి. పాతకాలం లెక్చరర్లు ఎవరెవరో సేకరించి ఫార్మలిన్‌లో పెట్టిన జాడీలు. వాటిని తుడిచే పని మేడం నాకు అప్పజెప్పారు. ఒక అరలో హైడ్రా స్లైడులు, సముద్ర పుష్పం, పగడపు ముక్క, గాలితిత్తితో తేలే, నీలం రంగు వెలిసిపోయిన ఫైసేలియా, జెల్లీ చేపలు వరసగా ఉండేవి. ఒకరోజు ఆవిడ ఆ అరలోంచి ఒక చిన్న జాడీ తీసి పక్క అరలోకి మార్చారు. లోపల ఉసిరికాయంత పారదర్శకమైన ముద్ద.

"ఇది కూడా జెల్లీయే కదండీ?" అన్నాను.

"చూడ్డానికి అలాగే ఉంటుంది. కానీ వీళ్ళ కుటుంబం కాదు. దీని ఒంటి మీద ఎనిమిది వరసల్లో దువ్వెన పళ్ళలాంటివి ఉంటాయి, వాటితో ఈదుతుంది. కుట్టే కణాలు లేవు. దీన్ని టీనోఫోరా అని వేరే వర్గంలో పెట్టాలి. ఎవరో కంగారులో ఇక్కడ పెట్టేశారు."

"మరి పగడం రాయిలా ఉంది, అది మాత్రం ఈ కుటుంబమేంటండీ?"

ఆ ప్రశ్న ఆవిడకి నచ్చింది. స్టూలు లాక్కుని కూర్చున్నారు. మన పంట కాలువలో నాచుకి వేలాడే హైడ్రా, సముద్రపు అడుగున రాయిగా మారే పగడం, గొడుగులా తేలే జెల్లీ, పువ్వులా విచ్చుకునే ఎనిమోన్ అనే సముద్ర పుష్పం, ఇవన్నీ ఒకే ఇంటివాళ్ళని చెప్పారు. వాళ్ళ ఇంటి గుర్తు దంశకణం. కంటికి కనిపించనంత చిన్న తిత్తి, లోపల చుట్ట చుట్టిన దారం, దారం కొసన ముల్లు. ఏదైనా తగిలిందా, తిత్తి పగిలి దారం బయటికి దూసుకొస్తుంది. "ఆకారం మోసం చేస్తుందమ్మా. ఒంట్లో ఏముందో చూడాలి, పుట్టుక ఎలా జరిగిందో చూడాలి. అప్పుడు గానీ ఎవరు ఎవరికి చుట్టమో తెలియదు," అన్నారు. మర్నాడు మా ఇంటి దగ్గర కాలువలోంచి నాచు తెచ్చి గాజు పాత్రలో వేశాను. రెండు రోజుల తర్వాత పాత్ర గోడకి అంటుకుని ఒక దారప్పోగు కనిపించింది. దాని పక్కన మొగ్గలా పిల్ల హైడ్రా. నేను పుట్టినప్పటి నుంచి స్నానం చేసిన కాలువ అది.

రెండో ఏడు మమ్మల్ని అంతర్వేది తీసుకెళ్ళారు. సఖినేటిపల్లి రేవు దాటడానికి పంటు ఎక్కినప్పుడు, అవతలి ఒడ్డు వచ్చేవరకు వశిష్ఠ గోదావరి నీళ్ళ రంగు ఎక్కడ మారుతుందో గమనించమన్నారు. సముద్రం దగ్గర మోకాలి లోతు దాటి ఎవరూ దిగకూడదని గట్టిగా చెప్పారు. సురేష్ అనే కుర్రాడు ఫోటో కోసం దిగాడు. ఒక్క కేక పెట్టాడు. పిక్క చుట్టూ కొరడాతో కొట్టినట్టు ఎర్రని చారలు. తోటివాళ్ళు కంగారుపడి ఇసుకతో రుద్దబోయారు, ఒకడు మంచినీళ్ళ సీసా మూత తీశాడు.

"రుద్దకండి! మంచినీళ్ళు పోయకండి!" మేడం అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. చీర తడిసిపోతున్నా మోకాళ్ళ మీద కూర్చుని, సంచిలోంచి వెనిగర్ సీసా తీసి చారల మీద పోశారు. తర్వాత పట్టకారుతో, అంటుకున్న దారాల్లాంటి స్పర్శకాల తునకల్ని ఒక్కొక్కటే తీశారు. పేలని తిత్తులు ఇంకా వేలకొద్దీ చర్మం మీద ఉంటాయని, రుద్దినా మంచినీళ్ళు తగిలినా అవి కూడా పేలతాయని తర్వాత వివరించారు. వాడిని తనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సాయంత్రానికి వాడు నవ్వుతూ అరటిపళ్ళు తింటున్నాడు. కానీ మర్నాడు వాడి మేనమామ కాలేజీకి వచ్చి వరండాలో నానా మాటలూ అన్నాడు. ప్రిన్సిపాల్ గారు మేడాన్ని పిలిపించారు. జాడీలు తుడుస్తున్న నాకు పక్క గదిలో మాటలన్నీ వినిపించాయి.

"మీ పాఠానికి పిల్లల్ని సముద్రంలో దింపాలా అండీ?"

"సముద్రంలో ఉండేదాని పాఠం కదండీ అది."

"బొమ్మ గీయించండి, చాలు. మార్కులు బొమ్మకే వస్తాయి. ఇకమీదట టూర్లు వద్దు."

ఆవిడ తిరిగి వచ్చి నా పక్కన నిలబడి ఒక జాడీ అందుకుని తుడవడం మొదలుపెట్టారు. అప్పటికే శుభ్రంగా ఉన్న జాడీని చాలాసేపు తుడిచారు.

టూర్లు ఆగినా ఆవిడ వెళ్ళడం ఆపలేదు. ఆదివారం చర్చి అయిపోయాక, పోస్టాఫీసులో పనిచేసే ఆవిడ భర్త డేవిడ్ గారు స్కూటర్ తీసేవారు. మా ఇంట్లో అడిగి నన్నూ ఒక్కోసారి రమ్మనేవారు. నేను రేవు దాకా సైకిల్ మీద వెళ్ళి కలిసేదాన్ని. నది సముద్రంలో కలిసేచోట మడచెట్ల వేళ్ళకి పట్టిన ఆలిచిప్పల్ని ఒక్కొక్కటే తిప్పి, భూతద్దంతో అడుగు భాగం చూసేవారు మేడం. బురదలో కాళ్ళు దిగబడుతుంటే డేవిడ్ గారు గట్టు మీద గొడుగు పట్టుకుని, "ఏమైనా దొరికిందా ఎస్తేరూ?" అనేవారు. "లేదండీ" అనే సమాధానం ఎన్ని ఆదివారాలు విన్నానో.

ఏం వెతుకుతున్నారో ఒకనాడు తిరుగు పంటులో చెప్పారు. మనకి కనిపించే గొడుగు జెల్లీ చేప జీవితంలో సగమేనట. గొడుగులు గుడ్లు పెడతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల గొడుగు కాదు. అది ఈదుకుంటూ పోయి ఏదో గట్టి వస్తువుని పట్టుకుని, చిన్న పువ్వులా, హైడ్రాలా ఒకచోట పాతుకుపోతుంది. దాన్ని పాలిప్ అంటారు. నెలలూ ఏళ్ళూ అలాగే ఉంటుంది. కాలం కలిసొచ్చినప్పుడు దాని ఒళ్ళు పళ్ళేలు పళ్ళేలుగా కోసినట్టు విడిపోయి, ఒక్కో పళ్ళెం ఒక్కో పిల్ల జెల్లీగా ఈదిపోతుంది. "ఏటా చలికాలం వెళ్ళేసరికి మన రేవులో గొడుగులు వేలకొద్దీ వస్తాయి. అంటే ఇక్కడే ఎక్కడో వాటి పాలిప్‌లు ఉన్నాయి. ఎక్కడున్నాయో నాకు తెలీదు. ఒక మనిషి పగలంతా కనిపిస్తాడు, రాత్రి ఏ ఇంటికి వెళ్తాడో తెలీదు, అలా అన్నమాట."

యూనివర్సిటీలో పరిశోధనకి చేరినప్పుడు ఆవిడ తీసుకున్న అంశమే అది. రెండో సంవత్సరంలో ఈ కాలేజీ ఉద్యోగం వచ్చింది. "పర్మినెంటు ఉద్యోగం వదులుకునే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదమ్మా. నాకూ లేదు. రెండేళ్ళు చేసి మళ్ళీ వెళ్దామనుకున్నాను." నది వైపు చూస్తూ, "అనుకుంటూ ఉంటే ఏళ్ళు ఎలా పోతాయో చూడు," అన్నారు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఆ మాటలో బరువు నాకు పట్టలేదు. అవతలి ఒడ్డున మిరపకాయ బజ్జీలు వేస్తున్న వాసన మాత్రం బాగా గుర్తుంది.

నేను ఆవిడ చెప్పబట్టే కాకినాడ వెళ్ళి ఎమ్మెస్సీ చేశాను. తర్వాత కాకినాడ పైన తీరంలో ఈ హేచరీలో ల్యాబు ఉద్యోగం దొరికింది. పెళ్ళయింది, పిల్లాడు పుట్టాడు. మేడానికి క్రిస్మస్‌కి ఒకసారి, టీచర్స్ డేకి ఒకసారి ఫోన్ చేసేదాన్ని. ఆ ఫోన్లలోనే ఒక్కో కబురూ తెలుస్తూ వచ్చింది. జువాలజీ గ్రూపులో చేరేవాళ్ళు తగ్గారు. ఒక ఏడాది ఎవరూ చేరలేదు. గ్రూపు ఎత్తేశారు. మేడానికి కామర్స్ పిల్లలకి పర్యావరణం పాఠం చెప్పే పని ఇచ్చారు. మ్యూజియం గది కంప్యూటర్ ల్యాబు అయింది. జాడీలు ఏదైనా హైస్కూలుకి ఇవ్వమని ఆవిడ అడిగారట. సెలవుల తర్వాత వచ్చి చూస్తే జాడీలు కడిగి వరండాలో బోర్లించి ఉన్నాయట. "లోపలివి ఎక్కడ పారేశారని అడిగానమ్మా. ఎవరికీ తెలీదన్నారు," అని చెప్పి, "పిల్లాడు ఎలా ఉన్నాడు?" అన్నారు.

రిటైరైన మరుసటి ఏడు కళ్ళు పోవడం మొదలైంది. పూర్తిగా కాదు. రాజమండ్రిలో డాక్టరు చూసి, రెటీనా నడిమి భాగం దెబ్బతింటోందని, పోయిన చూపు ఇక రాదని చెప్పాడు. "నీ చెవులూ జడా కనిపిస్తాయి, ముఖం కనిపించదు. దేన్ని సూటిగా చూడాలనుకుంటే అదే ఉండదు," అని నవ్వారు, నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు. అక్షరం చదవలేరు. సూది ఎక్కించలేరు. సూక్ష్మదర్శిని మాట ఇద్దరం ఎత్తలేదు.

ఆ ఏడు చలికాలంలోనే మా హేచరీలో దొరికింది.

సముద్రపు నీళ్ళు నిలవ చేసే సిమెంటు ట్యాంకు ఒకటి పగులు వచ్చి కొన్ని నెలలుగా వాడకుండా అరకొర నీళ్ళతో ఉంది. బాగు చేయించే ముందు లోపలి పైపు విప్పారు. ఆ పీవీసీ పైపు గోడ మీద తెల్లటి నూగు. నాచు అనుకుని పనివాళ్ళు గీకేస్తుంటే ఒక ముక్క కోసి ల్యాబుకి తెచ్చాను. లెన్సు కింద పెట్టి చూశాక కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఫోన్ తీసి మేడానికి చేశాను. నేను రెండు వాక్యాలు చెప్పేలోపే, "ముక్కని సముద్రపు నీళ్ళలోనే ఉంచు. వెలుతురు తగ్గించు. మేం వస్తున్నాం," అని పెట్టేశారు.

మర్నాడు మధ్యాహ్నానికి కాకినాడ వరకు బస్సులో, అక్కడి నుంచి ఆటోలో, డేవిడ్ గారి చెయ్యి పట్టుకుని వచ్చారు. చాలా రోజులకి గంజి పెట్టిన చీర కట్టినట్టున్నారు. మంచినీళ్ళు కూడా తాగకుండా సూక్ష్మదర్శిని పక్కన కుర్చీ వేయించుకున్నారు.

"ఊఁ. ఏం కనిపిస్తోంది?"

"పాలిప్ మేడం."

"పేరు అడగలేదు నాగమణీ."

ముప్పై ఐదేళ్ళ మనిషిని, చెవులు వేడెక్కాయి. కన్ను ఆనించి మొదలుపెట్టాను. "తెల్లగా ఉంది. చిన్న గ్లాసు ఆకారం. అడుగున సన్న కాడతో పైపుకి అంటుకుంది. పై అంచు చుట్టూ స్పర్శకాలు ఉన్నాయి, దారాల్లా చాచి ఉన్నాయి."

"మధ్యలో?"

"నోరు అండి."

"గుండ్రంగా ఉందా?"

జాగ్రత్తగా చూశాను. "లేదండి. నాలుగు మూలలున్నట్టు ఉంది. లోపల కూడా నాలుగు గదుల్లా తెలుస్తోంది."

మేడం బల్ల అంచు పట్టుకున్నారు. "హైడ్రా చుట్టాలకి ఆ గదులుండవు. నాలుగు మూలలంటే అసలైన జెల్లీయే. స్కైఫోజోవా వర్గం." కుర్చీ ముందుకి జరుపుకుని, "పక్కన వేరే రకంగా ఉన్నది ఏదైనా ఉందా? తొందరపడకు," అన్నారు.

గాజు పళ్ళేన్ని కొద్దిగా జరిపాను. "ఒకదానికి స్పర్శకాలు లేవండి. ఒళ్ళంతా అడ్డంగా నొక్కులు. ఒకదాని మీద ఒకటి... మేడం, అచ్చం ఇడ్లీ స్టాండులా ఉంది."

ఆవిడ పకాలున నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. "పై రేకు కదులుతోందా?"

"కొట్టుకుంటోంది. ఎనిమిది చేతులున్నాయి దానికి. ఒక్కో చెయ్యి కొస రెండుగా చీలి ఉంది. విడిపోవడానికి గింజుకుంటోంది... మళ్ళీ ఆగింది... విడిపోయింది మేడం! ఈదుతోంది!"

డేవిడ్ గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఎన్నో ఆదివారాలు అడిగిన ప్రశ్న అప్పుడు అడగలేదు.

"నన్ను ఒకసారి చూడనివ్వు," అన్నారు మేడం. లేచి చోటిచ్చాను. కన్ను ఆనించి, తల కాస్త కుడికి తిప్పి, మళ్ళీ ఎడమకి తిప్పి చూశారు. ఆ పక్క చూపుతో ఏదైనా అందుతుందేమోనని ఎంతసేపు ప్రయత్నించారో. "వెలుతురు ఉంది. వెలుతురు అంచు ఉంది. మధ్యలో ఏమీ లేదు," అన్నారు. మామూలు గొంతుతోనే అన్నారు. నేను కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాను.

తర్వాత ఆవిడ అడిగినది నేను ఊహించనిది. "పళ్ళెంలో ఈదుతున్నవాటిలో నాలుగైదు డ్రాపర్‌తో తీసి నా కింది పెదవి మీద వెయ్యి."

"ఏంటి ఎస్తేరూ నువ్వు!" అన్నారు డేవిడ్ గారు.

"ఏమీ కాదండీ. వేలి చర్మం మందం, దానికి తెలీదు. పెదవికి తెలుస్తుంది. వెయ్యమ్మా."

ఒక్కో చుక్కే వేశాను. ఆవిడ కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చున్నారు. ఉన్నట్టుండి పెదవి కొద్దిగా అదిరింది.

"కుట్టింది," అన్నారు. "చురుక్కుమంది. ఇదిగో, ఇక్కడ." వేలితో చూపించారు. ప్రసాదం అందుకున్న మనిషి ముఖం అలా ఉంటుందేమో. ఆవిడ చర్చికి వెళ్ళే మనిషి, ఆ పోలిక వింటే ఏమనేవారో తెలియదు గానీ నాకు తోచింది అదే.

సాయంత్రం బయట సరుగుడు చెట్ల నీడలో కూర్చున్నాం. పెదవి కాస్త ఎర్రబడింది. మేడం అన్నారు, "బురదలో చిప్పలు తిప్పాను. రాళ్ళు తిప్పాను. మనిషి పోసిన సిమెంటు మీద, మనిషి వేసిన పైపుల్లో చూడాలని ఒక్కసారి కూడా తోచలేదు నాకు. అంతర్వేది వెళ్ళినప్పుడల్లా పంటు ఆగే దిమ్మ మీదే కాలు పెట్టి దిగాను. వంగి దాని కింద చూస్తే సరిపోయేదేమో."

"ఇప్పుడు దొరికిందిగా మేడం."

"దొరికింది. నీకు." ఆ మాట అన్నాక నా చెయ్యి పట్టుకున్నారు. "సంతోషంగానే ఉందమ్మా. కుళ్ళుగా కూడా ఉంది. నీ దగ్గర దాపరికమెందుకు."

ఆవిడ చెయ్యి వదలకుండా కూర్చున్నాను. బయలుదేరే ముందు మాత్రం మళ్ళీ లెక్చరర్ అయిపోయారు. ఇది ఏ జాతి అన్నది పాలిప్‌ని చూసి చెప్పలేమని, పిల్లల్ని అరచేయంత గొడుగులయ్యేదాకా పెంచి చూస్తేనే తెలుస్తుందని, అప్పటిదాకా ఎవరు అడిగినా పేరు చెప్పొద్దని, ఆటో ఎక్కాక కూడా చెబుతూనే ఉన్నారు.

మా మేనేజరు రాజు గారు చెడ్డవారేం కాదు. జెల్లీ పిల్లలు రొయ్యపిల్లల్ని తినేస్తాయి, ఒక్క ట్యాంకు నుంచి మిగతావాటికి పాకితే హేచరీ మూసుకోవలసిందే. "నీ బాధ నాకు తెలుసమ్మా. కానీ ఇది కాలేజీ కాదు కదా," అని బ్లీచింగ్ కొట్టించారు. నేను కొన్నిటిని గాజు బీకర్లలో దాచి పెంచాను. రొయ్యపిల్లలకి మేతగా వేసే ఆర్టీమియానే వీటికీ వేశాను. పిల్లలు కొన్నాళ్ళు పెరిగాయి, గోరంత అయ్యాయి, తర్వాత ఎందుకో తిండి మానేసి, ముడుచుకుపోతూ ఒక్కొక్కటే నీళ్ళలో కలిసిపోయాయి. ఎండలు ముదిరి కరెంటు పోయిన ఒక పూట పైపు ముక్క మీదున్న పాలిప్‌లు కూడా పోయాయి.

మేడం అప్పుడప్పుడు ఫోన్ చేసి ఏదో ఒకటి అడిగేవారు. కాడ పొడవెంత, రంగు మారిందా, కింద మొగ్గలు వచ్చాయా. చివరిసారి చేసినప్పుడు, "ఒక్కటి అడగడం మర్చిపోయానమ్మా. పిల్ల ఈదేటప్పుడు ఎనిమిది చేతులూ ఒకేసారి ముడుస్తుందా, ఒకటి మొదలుపెడితే మిగతావి అందుకుంటాయా? మెదడు లేదు కదా, మొదలుపెట్టమని ఎవరు చెబుతారు?" అన్నారు.

"అంత పట్టి చూడలేదు మేడం. ఇప్పుడు చూద్దామంటే ఒక్కటీ మిగల్లేదు."

"ఫర్వాలేదు. మళ్ళీ వస్తాయిగా. అప్పుడు చూసి చెప్పు."

ఆ వర్షాకాలం మొదట్లో, నిద్రలోనే ఆవిడ వెళ్ళిపోయారు. చర్చి నిండా జనం ఉన్నారు. పాస్టరు గారు ఆవిడ గొంతు గురించి, మంచితనం గురించి, ఎంతోమంది పిల్లలకి చదువు చెప్పడం గురించి మాట్లాడారు. అన్నీ నిజాలే. జెల్లీ చేపల మాట ఎవరూ ఎత్తలేదు. అవి లేకుండా ఆవిడ గురించి చెబుతుంటే, ఎవరో వేరే మనిషి గురించి వింటున్నట్టు అనిపించింది నాకు.

తర్వాత రెండు చలికాలాలు ఏమీ కనిపించలేదు. పోయిన చలికాలంలో నీళ్ళు పరీక్షిస్తుంటే గాజు పళ్ళెంలో ఒకే ఒక్క పిల్ల, ఎనిమిది చేతులది, కొట్టుకుంటూ కనిపించింది. కంటితో చూస్తే అన్నీ ఒకేసారి ముడుస్తున్నట్టే ఉంది. ఫోన్‌ని సూక్ష్మదర్శిని కటకానికి ఆనించి స్లో మోషన్‌లో వీడియో తీశాను. నెమ్మదిగా తిప్పి చూస్తే తెలిసింది. ముందు ఒక చెయ్యి కదులుతోంది. దాని పక్కవి అందుకుంటున్నాయి, ఆఖర్న ఎదురుగా ఉన్నది. ఇంకోసారి తీశాను. ఈసారి మొదలుపెట్టింది వేరే చెయ్యి. ఎన్నిసార్లు తీసినా అంతే. ఏది ముందైతే దాన్ని మిగతావి అనుసరిస్తున్నాయి, ఎప్పుడూ ఒకటే కాదు.

పిల్లని పళ్ళెంలోని నీళ్ళతో సహా సముద్రంలో వదిలేసి వచ్చి, డేవిడ్ గారికి ఫోన్ చేశాను. ఆయన అంతా శ్రద్ధగా విన్నారు. చేతులు ఎనిమిదేనా అని మళ్ళీ అడిగారు.

"ఆవిడ ఉంటే వెంటనే ఇంకో ప్రశ్న అడిగేదమ్మా," అన్నారు. "అదేంటో మరి నాకు తెలీదు."

అదేంటో నాకూ తెలియదు. ఆ వీడియోలు పెట్టుకుని చాలాసార్లు కూర్చున్నాను. ముందు ఏ చెయ్యి, తర్వాత ఏ చెయ్యి అని చూస్తూ, ఇది విన్నాక మేడం ఏమడిగి ఉండేవారని ఆలోచిస్తాను. రెండు మూడు ప్రశ్నలు తోచాయి. అవన్నీ నా ప్రశ్నలే. ఆవిడ ప్రశ్న ఇంకా తట్టలేదు.